ముంగిస మేస్త్రి, గట్టు పని

అనగనగా ఒక అడవిలో, పిల్లలూ, ఒక ముంగిస మేస్త్రి ఉండేది. పేరు నాగులమ్మ. ముంగిసకు ఆ పేరేమిటని నవ్వకండి, వాళ్ళమ్మ ముద్దుగా పెట్టుకుంది. రాయి మీద రాయి పేర్చడంలో మాత్రం ఆమె తర్వాతే ఎవరైనా.

ఆ ఏడు వాగు పక్క పచ్చికలో పది జింక పిల్లలు పుట్టాయి. వానలకు వాగు పొంగితే అవి కొట్టుకుపోతాయి. అందుకని సింహం ఏనుగును పిలిచి, "ఆ పిల్లలకు ఒక కొట్టం వెయ్యి. పచ్చిక చుట్టూ గట్టు కట్టించు" అంది. ఏనుగు కొట్టం పని తాను ఉంచుకుని, గట్టు పని నాగులమ్మకు అప్పగించింది. ఇంత పెద్ద పని ఆమెకు ఇదే మొదటిసారి. ఏనుగు చెబుతున్నంతసేపూ నాగులమ్మ గంగిరెద్దులా తల ఊపింది. సగం మాటలు అర్థం కాలేదు. అడగడానికి సిగ్గేసింది.

పని మొదలయ్యే ముందు రోజు తన ముఠాను పచ్చికలో కూర్చోబెట్టి, తలా ఇన్ని ఈతపళ్ళు పెట్టింది. "కడుపు నిండితేనే చెవులు పనిచేస్తాయి. తినండి. తిన్నాక సందేహాలు అడగండి" అంది.

తవ్వే పని పందికొక్కుది. "మేస్త్రమ్మా, పునాది ఎంత లోతు?" అని అడిగింది.

"నువ్వు దిగితే నీ చెవులు కూడా కనబడకూడదు" అంది నాగులమ్మ.

మోసే పని ఎలుగుబంటిది. "రాళ్ళు ఎక్కణ్ణించి తేవాలి?"

"ఎదురు గుట్ట మీంచి. దారిలో తేనెపట్టు ఉంది. అటు చూశావో, ఊరుకోను!"

అందరూ నవ్వారు. మట్టి పని చేసే కొండముచ్చు మాత్రం నవ్వలేదు. "వాగు నీళ్ళు లోపలికి రాకుండా గట్టు ఆపుతుంది, సరే. లోపల కురిసిన వాన బయటికి ఎలా పోతుంది?" అంది.

నాగులమ్మ గబగబా దాని చేతిలో ఇంకో గుప్పెడు ఈతపళ్ళు పెట్టింది. "అది నేను చూసుకుంటాలే" అనేసింది.

అలా అంటూనే అటు చూసింది. జింక పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. గట్టు లోపల నీళ్ళు నిలిస్తే? కుండలో పడ్డ చీమల్లా మునిగిపోవూ!

"నాకు తెలియదర్రా" అంది తల దించుకుని. "తెలిసినట్టు నటించాను."

ఎవరూ ఎగతాళి చేయలేదు. "అయితే కనుక్కుందాం పదమ్మా" అంది ఎలుగుబంటి ఆప్యాయంగా. అందరూ కలిసి ఏనుగు దగ్గరికి వెళ్ళారు.

"అయ్యా, మీరు పని చెప్పినప్పుడు నాకు సగమే అర్థమైంది. లోపలి నీళ్ళు ఎటు పోవాలి?" అని అడిగింది నాగులమ్మ.

"నాకూ తెలియదమ్మా. దొరగారిని అడగడానికి మొహమాటపడ్డాను" అంది ఏనుగు.

అందరూ సింహం గుహకు వెళ్ళారు. సింహం మీసాలు సవరించుకుంది. "నేనెందుకు ఆలోచిస్తాను? మీకు తెలుసనుకున్నాను!" అంది.

ఇప్పుడేం చేయాలి? ఉసూరుమంటూ పచ్చికకు తిరిగొచ్చారు. అక్కడ తల్లి జింక మేస్తోంది. నాగులమ్మ ఆమెనూ అడిగింది.

"పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను" అంది జింక. "వాన నీళ్ళన్నీ ఆ దిగువ మూలకే పారతాయి. అక్కడ వాగు బాగా లోతు, ఎంత వానొచ్చినా పొంగదు. ఆ మూల తూము పెట్టండి. నేనిక్కడే ఉన్నానుగా, ముందే అడగకపోయారా?"

ఏనుగు నేల చూపులు చూసింది. నాగులమ్మ మాత్రం జింకకు రెండు చేతులూ జోడించింది.

మర్నాడు పని మొదలైంది. గట్టు లేచింది, ఏనుగు వేసిన కొట్టమూ లేచింది. దిగువ మూల తూము కుదిరింది. ఆ తర్వాత మూడు రోజులు కుండపోతగా వాన. నాగులమ్మ ఇంట్లో ఉండలేక తడుస్తూనే పరుగెత్తింది. వాగు గట్టును తన్ని తిరిగిపోతోంది. లోపలి నీళ్ళు తూములోంచి గలగలా పోతున్నాయి. కొట్టం గుమ్మంలో నిలబడి లెక్కపెట్టింది. పది జింక పిల్లలూ ఉన్నాయి. ఒక్కదాని డెక్క కూడా తడవలేదు. నాగులమ్మ అక్కడే చతికిలబడి, హాయిగా ఏడ్చేసింది.

నీతి: తెలియదని చెప్పడానికి సిగ్గుపడకూడదు. పెద్దల సిగ్గుకు పసివాళ్ళు బలి కాకూడదు.