పలకని పిల్ల

కంబగిరి స్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరేమడిగినా ఆ రోజు జవాబు చెప్పేవాడు కాదు. ప్రశ్నను ఒక రాత్రి పక్కలో వేసుకుని పడుకుంటే, తెల్లారేసరికి అడిగినవాళ్ళలో సగం మందికి దాని అవసరమే తీరిపోతుందని ఆయన నమ్మకం. అది నిజమే. మిగిలిన సగం మందికి మాత్రం ఆయన మీద ఒళ్ళు మండేది.

అలా ఒళ్ళు మండేవాళ్ళలో మొదటివాడు ఓబుళేసు. ఈ సంగతి నాకు చెప్పింది కూడా ఆయనే, తన మీద తాను నవ్వుకుంటూ. ఒకప్పుడు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. భార్య పోయాక ఉద్యోగం వదిలేసి, అడవి అంచున ఉన్న స్వామి ఆశ్రమంలో చేరి ఏడేళ్ళయింది. మూడొందల మంది పిల్లల్ని ఒక్క కేకతో నిలబెట్టిన గొంతు అది. దేవుణ్ణి పిలవడానికి వచ్చినంత మాత్రాన తగ్గుతుందా? ఆయన తెల్లవారుజామున నామం అందుకున్నాడంటే వాగు అవతలి ఊరు గుండ్లపెంటలో ఎద్దులు లేచి నిలబడేవి. జపం, భజన, స్తోత్రం, మళ్ళీ జపం. ఊపిరి తీసుకోవడానికి ఆగినా అపచారమేమో అనుకునేవాడు.

అటువంటి మనిషి ఒక సాయంత్రం వచ్చి స్వామి ముందు కూర్చున్నాడు. స్వామి చింతపండులో గింజలు తీస్తున్నాడు.

“ఏడేండ్ల నుంచి పిలుస్తాండా సామీ. ఒక్కసారన్నా ఊఁ అనలేదు. ఉన్నాడో లేడో అని కాదు నా బాధ. ఉండి గూడా పలకడే అని. నా పిలుపులో లోపమేంది?”

ఓబుళేసుకు మోక్షం మీద ఆశ లేదు, దర్శనం కావాలనీ అనుకోలేదు. ఒక్క పలుకు వింటే చాలు. భార్య పోయిన ఇంట్లో అలవాటు కొద్దీ పిలిచి, బదులు రాక, ఆ ఇంట్లో ఉండలేక వచ్చినవాడు. స్వామికి అదంతా తెలుసు. తలెత్తి ఆయన ముఖం చూసి, ఎప్పటిలాగే ఏమీ చెప్పకుండా మళ్ళీ గింజల మీదికి దృష్టి తిప్పాడు.

మర్నాడు పొద్దున్నే గుండ్లపెంట నుంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. మద్దమ్మ అనే ఆమె కూతురు సుంకులమ్మ, ఐదేళ్ళ పిల్ల, ముందురోజు మధ్యాహ్నం తల్లితో ముళ్ళపొదల్లో కాసే కలివిపండ్లు కోయడానికి వెళ్ళి అడవిలో తప్పిపోయింది. ఊరివాళ్ళు పొద్దుగూకేదాకా వెతికినా దొరకలేదు. ఎండలు ముదిరిన రోజులు. ఆశ్రమం నుంచి కూడా మనుషులు వస్తే మేలని అడిగారు. స్వామి తల ఊపాడో లేదో, ఓబుళేసు పంచె ఎగగట్టి పాత ఈల వెతికి మెళ్ళో వేసుకున్నాడు.

గుండ్లపెంట వాళ్ళకు నలుగురూ కలిసి అడవిలో నడవడమంటే తెలిసిన పద్ధతి ఒకటే. శనక్కాయ చేలల్లో పడే అడవిపందుల్ని తోలే పద్ధతి. వరసగా నిలబడి, నూనె డబ్బాలు వాయిస్తూ, కేకలు పెడుతూ, చేతుల్లో ఈటెలతో పొద పొదనూ కొట్టుకుంటూ పోవడం. పిల్లను వెతకడానికీ అలాగే బయల్దేరారు. ఎలుగుబంట్ల భయం ఉన్న అడవి కనుక చప్పుడు లేకుండా అడుగు వేసే ధైర్యం కూడా ఎవరికీ లేదు. ఓబుళేసు దానికి ఇంకా మెరుగు పెట్టాడు. నలభై మందిని బారెడు బారెడు ఎడంలో నిలబెట్టాడు. ఈల ఊదితే అందరూ ఒక్కసారి పిల్ల పేరు అరవాలి, రెండోసారి ఊదితే ముందుకు కదలాలి. వాగు దాకా వెళ్ళారు, తిరిగి వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. ఆ మోతకు అడవిలో ఒక్క పిట్ట మిగల్లేదు. పిల్ల జాడ మాత్రం లేదు.

మరుసటి రోజు కూడా అంతే. మధ్యాహ్నానికి మద్దమ్మ గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది. మగవాళ్ళు పొదల్లోకి చూడ్డం తగ్గించి, గద్దలు ఎక్కడ తిరుగుతున్నాయా అని ఆకాశం వైపు చూడసాగారు. ఆ సంగతి ఒకరితో ఒకరు చెప్పుకోలేదు. మద్దమ్మ మాత్రం అది చూసింది.

అప్పుడు వచ్చాడు స్వామి, కర్ర ఊతంగా నడుస్తూ. ఓబుళేసు ఎదురెళ్ళి, ఎంత మేర గాలించిందీ ఎన్నిసార్లు పిలిచిందీ వివరంగా చెప్పబోయాడు. స్వామి ఆయన్ను దాటుకుని వెళ్ళి మద్దమ్మ పక్కన కూర్చున్నాడు.

“ఈ డబ్బాలు మోగితే ఏం జెయ్యాలని మీ పిల్లోల్లకు చెప్పింటావమ్మా?”

ఆ ఊళ్ళో పాకే పిల్లలకు కూడా తెలిసిన సంగతే అది. మద్దమ్మ వినీ వినపడని గొంతుతో అంది.

“పొదలో దూరి పండుకోమని. కదిలితే ఈటె తగుల్తాదని. ఎవురు అరిసినా పలకొద్దని.” ఆమె పొదల వైపు తిరిగింది. “నా బిడ్డ చెప్పిన మాట ఇంటాది సామీ.”

డబ్బాలు పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వాటిని కింద పెట్టారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. రెండు రోజులుగా ఆ పిల్లను వెతికే పేరుతో తామే దాచిపెడుతున్నామని అక్కడ ఉన్న ప్రతివాడికీ అర్థమైంది. స్వామి వాళ్ళందరినీ అడవి అంచుకు పోయి కూర్చోమన్నాడు. ఓబుళేసు మెళ్ళో ఈల తీయించి తన సంచిలో వేసుకున్నాడు. మద్దమ్మను ముందు నడవమని, తామిద్దరూ చాలా వెనగ్గా నడిచారు.

“గొంతు ల్యాదు సామీ, యాడ పిలిచేది?” అంది ఆమె.

“ఇంటికాడ సద్దికి పిలిచేదానికి ఎంత గొంతు గావాల? అంతే పిలువు. పిలిచి ఊరుకో.”

ఆమె పది అడుగులు వేసింది. “సుంకులూ, జడేస్తా రామ్మా,” అంది. అంతే, నేల మీద చతికిలబడి కూర్చుంది. తర్వాత చాలాసేపు ఏమీ జరగలేదు. ఓబుళేసుకు ఆ మౌనం భరించడం కష్టమైంది. గొంతులో కేక కొట్టుకులాడుతోంది. ఒక్క నిమిషం పోతే ఒక ప్రాణం పోతోందనిపిస్తోంది. నోరు తెరవబోతే స్వామి చెయ్యి వచ్చి ఆయన చేతి మీద పడింది. చేసేదేమీ లేక విన్నాడు. ఎండుటాకు మీద తొండ నడిచింది. ఎక్కడో వాగులో కాస్త నీరు రాళ్ళ మధ్య పారుతోంది. ఏడేళ్ళుగా తాను ఈ అడవి పక్కనే ఉన్నాడనీ, ఒక్కసారి కూడా దీని చప్పుడు వినలేదనీ ఆయనకు అప్పుడు తెలిసింది.

మద్దమ్మ లేచి మరో పది అడుగులు వేసింది. మళ్ళీ అదే మాట. మళ్ళీ కూర్చుంది. అలా ఐదోసారో ఆరోసారో, దట్టమైన కలివిపొద అడుగున ఆకులు కదిలాయి. ఆ పొద పక్కన మట్టిలో ఓబుళేసు చెప్పుల గుర్తులే ఉన్నాయి, పోయినవీ వచ్చినవీ. ముళ్ళ కింద నుంచి ముందు ఒక చెయ్యి వచ్చింది. తర్వాత కలివిపండ్ల రంగు అంటిన మూతి.

“పందులు పొయినాయా మా?” అని మెల్లగా అడిగింది సుంకులమ్మ.

“పొయినాయి,” అంది మద్దమ్మ. అంతకంటే ఏమీ అనలేకపోయింది. పిల్లను ఒళ్ళోకి లాక్కుని, తలలో చిక్కుకున్న ముళ్ళు ఒక్కొక్కటే తీస్తూ ఏడ్చింది. ఓబుళేసు కూడా చెట్టుకు ముఖం తిప్పుకుని ఏడ్చాడట. చెప్పడానికి ఆయనేమీ సిగ్గుపడలేదు.

గుండ్లపెంటలో ఇప్పుడు పిల్లలు తప్పిపోతే ఎవరూ డబ్బాలు ముట్టరు. పది అడుగులు నడుస్తారు, కూర్చుంటారు. తల్లి గానీ, రోజూ అన్నం పెట్టేవాళ్ళు గానీ ఒక్కసారి పిలుస్తారు. పిలిచినదానికి పదింతలసేపు వింటారు. ఎవరైనా కంగారులో మళ్ళీ మళ్ళీ అరిస్తే పక్కవాళ్ళు చెయ్యి పట్టుకుంటారు.

ఆ రోజు ఆశ్రమానికి తిరిగి వస్తూ ఓబుళేసు వాగు దాటాక ఆగిపోయాడు.

“దాని పక్కనుంచే పోయినా సామీ, ఎన్నిసార్లో. నా పిలుపు దానికి ఇనపడుతానే ఉన్నింటాది. ఆ రెండు దినాలు పాపం లోపల ఏం జేస్తాండెనో ఆ బిడ్డ.”

స్వామి కర్ర ఆనించి నిలబడి, వెనక్కి తిరిగి ఆయన కళ్ళలోకి చూశాడు.

“ఏం జేస్తాది నాయనా. మీరెప్పుడు ఊరుకుంటారా అని ఎదురుచూస్తా ఉన్నింటాది.”