పిలుపుల గౌరమ్మ వెలసిన వంతెన

బెల్జియం దేశంలో హార్బెక్ అనే పాత పట్నం ఉంది. ఊరంతా నీటి కాలవలు, వాటి మీద రాతి వంతెనలు, ఒడ్డున ఎర్ర ఇటుకల ఇళ్ళు, నడిబొడ్డున గంటల గోపురం. ఆ గోపురానికి తూర్పున ఉన్న వంతెన దిగగానే ఎడమచేతి ఇంటి గోడలో, ఒకప్పుడు వీధి దీపం పెట్టిన గూట్లో, పిలుపుల గౌరమ్మ తల్లి కొలువై ఉంది. మూర్తి జానెడు కూడా ఉండదు. ఒట్టి పసుపు ముద్ద, పైన తెల్ల లేసు తెర. కుడిచేతి ఇల్లని కొందరు చెబుతున్నారు, అది తప్పు. ఆ ఇంట్లో చాక్లెట్లు అమ్ముతారు.

పూర్వం ఇక్కడ గూడు ఉండేది గాని గౌరమ్మ లేదు. పూర్వం అంటే కృతయుగం కాదు, మన అమ్మల కాలమే. నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళను కొందరిని ఒక కంపెనీ వాళ్ళు ఈ ఊరికి ప్రదర్శన కోసం తీసుకువచ్చారు. ఈ ఊరు కూడా లేసుకు పేరుపడ్డదే. వచ్చినవారిలో పేరంటాలు, అచ్చాయమ్మ అని ఇద్దరు నేస్తాలు. ఒకే అరుగు మీద కూర్చుని అల్లిక నేర్చినవారు, ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. పేరంటాలు అల్లితే లేసులో ఒక్క కన్ను కూడా తప్పేది కాదు. ఆ సంగతి ఊరికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

ప్రదర్శన ముగిసిన మర్నాడు ఊరు చూడటానికి బయలుదేరారు. ఆ రోజు అట్లతద్ది. ఇద్దరికీ ఉపవాసం. చంద్రుణ్ణి చూసి, గౌరమ్మకు అట్లు నివేదించి, సాటి ముత్తైదువకు వాయనం ఇచ్చాకే నోట్లో ఏమైనా వేసుకోవాలి. మిగతావారిలో ఆ నోము పట్టినవారు లేరు. కనుక పేరంటాలికి అచ్చాయమ్మే దిక్కు, అచ్చాయమ్మకు పేరంటాలే దిక్కు.

మధ్యాహ్నం ఒక కొట్టు అద్దాల వెనక ఈ దేశపు లేసు చూసి అచ్చాయమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఏం పనితనం వదినా! మన చేతులు దీని ముందు దిగదుడుపే."

"నీ చేతుల సంగతి నువ్వు చెప్పుకో. నా చేతులను ఎందుకు కలుపుతావు?"

"ఉన్నమాటంటే ఉలుకెందుకు?"

"అంత నచ్చితే ఇక్కడే ఉండిపో. మీ ఆయనకు నేను చెబుతాలే."

అక్కడితో మాటలు ఆగిపోయాయి. అలాగే గంటల గోపురం దాకా వచ్చారు. దాని మెట్లదారి ఇరుకు, సంచులతో ఎక్కనివ్వరు. ఎక్కడికి వెళ్ళినా ఒకరు చూసి వచ్చేదాకా ఒకరు సంచులకు కాపలా ఉండటం వాళ్ళ పద్ధతి. "నువ్వు ఎక్కు. నేను వంతెన దగ్గర నిలబడతా, కదలను" అన్నది పేరంటాలు, మొహం అటు తిప్పుకుని.

అచ్చాయమ్మ ఎక్కింది. దిగేటప్పుడు జనంతోపాటు వేరే గుమ్మంలోంచి బయటపడింది. ఇక్కడ వంతెనలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. భాష రాని మనిషి, ఒక వంతెన నుంచి ఇంకో వంతెనకు తిరుగుతూ పోయింది. ఇక్కడ పేరంటాలు చూస్తూ ఉంది. పొద్దు వాలింది గాని మనిషి జాడ లేదు.

బస్సు వేళకు కంపెనీ పెద్దమనిషి వచ్చి, "ఎక్కండమ్మా, ఆవిడను పోలీసులు వెతుకుతారు" అన్నాడు.

"కదలనని చెప్పాను బాబూ. అది వచ్చేసరికి నేను ఇక్కడ ఉండాలి."

ఆయన తక్కినవాళ్ళను ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. ఆయన పేరు ఈ స్థలపురాణం పుస్తకంలో వెయ్యం. ఆయన వంశం వాళ్ళు వచ్చి బతిమాలినా వెయ్యం.

ఎడమచేతి ఇంట్లో లేసు కొట్టు నడిపే గోదెలీవ్, మనవాళ్ళ నోట గోదమ్మ, ఇదంతా చూసి కుర్చీ తెచ్చింది. నిలబడతానని చెప్పింది కనుక పేరంటాలు కూర్చోలేదు. రొట్టె తెస్తే ఉపవాసమని దండం పెట్టింది. కాళ్ళు పీకుతున్నాయి. అయినా పేరు పెట్టి పిలవలేదు. పిలిస్తే తానే తగ్గినట్టు అవుతుందని ఆమె పట్టుదల.

మసక పడుతుండగా సంచిలోని పసుపు తడిపి గౌరమ్మను చేసి గూట్లో నిలిపింది. తను అల్లుతున్న లేసు పైన కప్పింది. చేతులు జోడించి కళ్ళు మూయగా, నిలుచున్నచోటే కునుకు పట్టింది. తల్లి కాలవ గట్టున ఎర్రచీరతో కనిపించి కసిరింది.

"సంచులు కాసుకునేదానికి నా నోమెందుకే? మనిషిని కాసుకో. నోరు తెరువు."

పేరంటాలు ఉలిక్కిపడి, కొంగు నడుముకు బిగించి, ఎలుగెత్తి పిలిచింది.

"అచ్చాయీ! ఒసే అచ్చాయీ!"

గొంతు నీళ్ళ మీద సాగిపోయింది. కాలవలో హంసలు రెక్కలు కొట్టుకున్నాయి, కిటికీలు తెరుచుకున్నాయి. ఆమె పంతం దిగమింగుకుని మళ్ళీ పిలిచింది.

"ఆ లేసు బాగుందే! ఒప్పుకున్నాను, రావే వదినా!"

కాలవ మలుపు అవతల నుంచి మాట వినిపించింది. "నా కాళ్ళు పడిపోయాక ఒప్పుకుంటావా?"

అచ్చాయమ్మ చెప్పులు చేతపట్టుకుని, ఏడుస్తూ, కుంటుతూ వచ్చింది. "సంచులున్నాయా?" అని అడిగింది.

"సంచులకేం, నిక్షేపంలా ఉన్నాయి. పోయింది నువ్వే" అంటూ పేరంటాలు ఆమెను గట్టిగా పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

అట్లు కావాలని ఇద్దరూ చేతులతో చూపిస్తే గోదమ్మకు అర్థమైంది. పిండి, పాలు కలిపి పల్చగా పోసింది. గుడ్డు కొట్టబోతే పేరంటాలు చెయ్యి పట్టుకుని ఆపింది. గోపురం పక్కన చంద్రుడు వచ్చాక నైవేద్యం పెట్టి, ఒకరికొకరు వాయనం ఇచ్చుకున్నారు. గోదమ్మకూ బొట్టు పెట్టి ఇచ్చారు. మర్నాడు తల్లిని కాలవలో కలపబోతే గోదమ్మ గూటికి అడ్డంగా నిలబడింది. అలా తల్లి ఇక్కడే ఉండిపోయింది. ఆనాటి తెర ఇప్పటికీ ఉంది. ఈ దేశపు లేసు బాగుందన్న మాట నేస్తం కోసం అన్నది. తెరను దగ్గరగా చూసినవారికి ఏది మేలో చెప్పనక్కర్లేదు.

ఈ సన్నిధిలో గంట లేదు. ఇత్తడి గంట కడతామని ఒక సంఘం వాళ్ళు మోసుకొస్తే తిప్పి పంపించాం. ఇక్కడికి జంటగా రావాలి. ఒకరు వంతెన మీద చెప్పులకు, సంచులకు కాపలా నిలబడాలి, కూర్చోకూడదు. రెండోవారు దర్శనం చేసుకున్నాక, నిలబడ్డవారు పేరు పెట్టి గట్టిగా పిలవాలి. గొణిగితే లెక్కలోకి రాదు. మాటలు మానుకున్న అక్కచెల్లెళ్ళు, తోడికోడళ్ళు, నేస్తాలు ఇక్కడ పిలుచుకుని కలిసి వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. అట్లతద్దినాడు గుడ్డు లేని గోధుమట్టే ప్రసాదం.

ఒంటరిగా వచ్చినవారు దిగులుపడనక్కర్లేదు. పేరు చెబితే గోదమ్మ కూతురు వంతెన మీదకు వచ్చి పిలుస్తుంది. ఆమె నోట మన పేర్లు కాస్త వంకరపోతాయి. నవ్వకూడదు. "ఇక్కడే ఉన్నా, వస్తున్నా" అని పలికి ఆమె దగ్గరకు నడిచి రావాలి. ఆ మాట తల్లి విన్నాక, ఆ మనిషి ఏ దేశంలో తిరిగినా దారి తప్పకుండా ఆమే చూసుకుంటుంది.