వాకిట్లో మైకు

ఆ మధ్యాహ్నం శశిధర్‌కి అడ్డుపడింది ఒక ముసలాయన దగ్గు.

విమానం దిగేటప్పుడు ఇంజన్ల హోరు తగ్గుతుంది. బయటికి చాచిన చక్రాలూ, వాటిని మోసే కడ్డీలూ గాలిని చీల్చుకుంటూ చేసే రొద మాత్రం కింద ఇళ్ల మీద పడుతూనే ఉంటుంది. ఆ కడ్డీలకి నున్నటి తొడుగులు వేసి రొద తగ్గించాలని ప్రొఫెసర్ కమలాక్షి గారి దగ్గర ఏళ్ల తరబడి పనిచేశాడు శశిధర్. ఇవాళ ఆ తొడుగులతో విమానం మొదటిసారి దిగుతోంది. రొద ఎంత తగ్గిందో రికార్డు చేయడానికి, దాని దారికి సరిగ్గా కిందున్న వీరస్వామి ఇంటి వాకిట్లో మైకు నిలబెట్టాడు.

వీరస్వామికి ఉబ్బసం. లోపల ఊపిరాడక వాకిట్లోనే మంచం వేసుకుంటాడు. విమానం మొదటిసారి నెత్తిమీదికి వచ్చేసరికి ఆయనకి దగ్గు తెర ముంచుకొచ్చింది. ఆ సమయానికి ఆయన భార్య నీళ్లకి వెళ్లింది. రికార్డు పాడైంది.

"తాతా, ఇంకొక్కసారే వస్తుంది. అదీ పోతే నా కష్టమంతా మట్టిలో కలుస్తుంది. కాసేపు ఆపుకోలేవా?" అన్నాడు శశిధర్ విసుగ్గా.

"ఆపుకుంట సారూ," అన్నాడు ముసలాయన. భుజం మీది తువ్వాలు మడిచి నోట్లో కుక్కుకున్నాడు.

శశిధర్ వద్దనలేదు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆకాశం వైపు తిరిగాడు.

కమలాక్షి గారు కారు దిగి వచ్చేసరికి విమానం కనబడుతోంది. ఆవిడ మైకు వైపు చూడలేదు. తిన్నగా మంచం దగ్గరికి వెళ్లారు. ముసలాయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ఆవిడ పక్కన కూర్చుని తువ్వాలు మెల్లిగా బయటికి లాగారు.

"మేడమ్, ఇప్పుడొద్దు," అన్నాడు శశిధర్. దాదాపు బతిమాలుకున్నట్టే అన్నాడు.

ఆవిడ ముసలాయన వీపు నిమిరారు. "దగ్గండి."

విమానం ఇంటి మీదుగా వెళ్తుంటే వీరస్వామి పేగులు కదిలేలా దగ్గాడు. హెడ్‌ఫోన్ల నిండా ఆ దగ్గే. శశిధర్ వాటిని తీసి నేలమీద పెట్టాడు. రెండో రికార్డూ పోయింది.

విమానం ఇంకా కనుమరుగు కాకముందే లోపలి నుంచి ఆయన భార్య లచ్చవ్వ నీళ్ల చెంబుతో గబగబా వచ్చింది. తల కింద చెయ్యి పెట్టి తాగించింది.

"ఎవరైనా పిలిచారా, అవ్వా?" అడిగారు కమలాక్షి గారు.

"ఎవలు పిలుస్తరమ్మా. దగ్గుడు ఇనబడ్డది, ఉరికొచ్చిన." కొంగుతో ఆయన మొహం తుడుస్తూ అంది, "ఇమానం పోయేటప్పుడు ఎన్నడు ఇనబడకపోయేది. మోత ఆగినంక వచ్చి చూస్తే కండ్లు తేలేసి ఉంటుండె. ఇయ్యాల్నే ఇనబడ్డది."

శశిధర్ విమానం పోయిన వైపు ఒకసారి చూశాడు. నేలమీద ఉండచుట్టుకుని పడి ఉన్న తువ్వాలు వైపు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

ఊపిరి సర్దుకున్నాక ముసలాయన అతన్ని వెతుక్కుంటున్నట్టు తల తిప్పాడు.

"సారూ, నా దగ్గుతోని మీ పని ఖరాబైందా?"

శశిధర్ వచ్చి మంచం పక్కన కింద కూర్చున్నాడు.

కమలాక్షి గారు అతని వైపు తిరిగారు. నెమ్మదిగా అన్నారు.

"చెప్పు శశీ. ఆయన అడుగుతున్నారు."