రాళ్ల సంచి

మద్దిలేటికి ఒక కష్టం వచ్చిపడింది. ఓడించడానికి మనుషులు కరువయ్యారు.

కొండమీద కంబగిరి తాత మఠంలో పులిమేక ఆటను మొదలుపెట్టిందే అతను. ఒకనాడు శిష్యులంతా మంటపం కడుగుతుంటే, ఒక బండమీద పేరుకున్న మట్టి వదిలి కింద చెక్కిన గీతలు బయటపడ్డాయి. మిగతావాళ్లు ముగ్గనుకున్నారు. మద్దిలేటి చీపురు పక్కన పడేసి, అది ఆట గడి అని గుర్తుపట్టాడు. చిన్నప్పుడు గొర్రెల వెంట తిరిగినవాడు, ఆ గీతలు అతనికి కొత్త కాదు. ఏటికి పోయి పులులకు నల్లరాళ్లు, మేకలకు తెల్ల గులకరాళ్లు ఏరుకొచ్చి, తోటి శిష్యులను కూర్చోబెట్టి తనే నేర్పాడు. పులి మేకమీదుగా దూకితే మేక పోయినట్టు. మేకలు చుట్టూ కమ్ముకుని పులులకు కదలడానికి చోటు లేకుండా చేస్తే పులులు ఓడినట్టు. ఇంతే ఆట. ఈ ఇంత ఆటలో పడి ఆ వానాకాలమంతా శిష్యులు అన్నం గంట మోగినా లేచేవారు కాదు.

కొండమీద కోతుల బెడద ఎక్కువ. తెల్లగా మెరిసేది ఏది కనపడినా ఎత్తుకుపోతాయి. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆట అయ్యాక ఓడినవాడు రాళ్లు ఏరి, సంచిలో కట్టి, కోతుల కంటపడని చోట దాచాలి. మళ్లీ ఆటకు దాచినవాడే తేవాలి. ఈ పద్ధతి పెట్టింది కూడా మద్దిలేటే.

మొదట్లో అతను గెలుస్తుంటే అందరూ మెచ్చుకున్నారు. అతను గెలవడం మానలేదు. గెలిచినప్పుడల్లా భుజంమీది తుండు దులిపి "ఇంకెవరు?" అనడమూ మానలేదు. రానురాను అతను గడి ముందు కూర్చోగానే తోటి శిష్యుల్లో ఓబులేసుకు కట్టెలు కొట్టే పని గుర్తొచ్చేది, దస్తగిరికి నడుం పట్టేసేది. గడిమీద మళ్లీ దుమ్ము పేరుకోసాగింది.

చూస్తుండగానే మఠం కట్టిన పెద్దస్వామి ఆరాధన దగ్గరికొచ్చింది. ఆరాధన నాడు కింది మఠంవాళ్లు కొండెక్కి వస్తారు. ఆ మఠంలోనూ ఈ ఆట మొదలైందని, ఈసారి పోటీకి కూర్చుంటామని కబురు పెట్టారు. ఇక్కడినుంచి ఎవరు కూర్చోవాలో తాత చెప్పాలి. తన పేరే చెప్తాడని మద్దిలేటికి అనుమానం లేదు. కానీ సాధన లేకుండా కూర్చుంటే ఎలా? ఆ బెంగ పట్టుకుని తాత దగ్గరికి వెళ్లాడు.

తాత కందులు చెరుగుతున్నాడు. మద్దిలేటి తన గోడంతా వెళ్లబోసుకున్నాడు. ఒక్కొక్కడు ఎలా తప్పించుకుంటున్నాడో, ఎవడెంత మందబుద్ధో, దాపరికం లేకుండా చెప్పాడు.

"ఈళ్లలో నాకు సరైన జోడీ ల్యాడు తాతా" అన్నాడు చివరికి.

తాత చేట కింద పెట్టాడు. "నేనాడతా పా. పోయి రాళ్ల సంచి పట్టుకురా."

మద్దిలేటికి కాళ్లు నేలమీద ఆనలేదు. తాత తనతో ఆడతానన్నాడు. మఠంలో ఇంకెవరికి దక్కింది ఆ భాగ్యం! గబగబా మంటపం దాటి, వంటశాల దాకా వెళ్లి, అక్కడ ఆగిపోయాడు.

సంచి ఎక్కడుందో అతనికి తెలియదు.

ఎలా తెలుస్తుంది? ఒక్కసారి ఓడితే కదా. దీపపు గూట్లో చూశాడు, గాదె కింద చూశాడు, పాకలోని బొరుగుల డబ్బా కూడా తెరిచాడు. లేదు. ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి తాత మళ్లీ చేట అందుకున్నాడు. ఏటికి పోయి వేరే రాళ్లు ఏరుకొస్తానన్నాడు మద్దిలేటి.

"కొత్త రాళ్లు నాకెందుకు? ఆ సంచే తే. యాడుందో తెలిసినాక ఆడదాం" అన్నాడు తాత, కందుల్లోంచి తల ఎత్తకుండా.

మద్దిలేటి ఓబులేసును అడిగాడు.

"ఓడినోళ్లకే చెప్తాం" అన్నాడు ఓబులేసు. "ఓడు, చూపిస్తా."

దొంగచాటుగా వెంట వెళ్లడానికి అభిమానం అడ్డొచ్చింది. సరే, ఓడితే పోలా అనుకున్నాడు. బతిమాలి ఓబులేసును గడి ముందు కూర్చోబెట్టి, తన మేకలను వరసగా పులుల నోటికి అందేట్టు పెట్టసాగాడు. ఓబులేసు రెండు మేకలను తిన్నాడు. మూడోదాని దగ్గర ఆగి, ఆ రాయి తీసి మద్దిలేటి చేతిలో పెట్టాడు.

"నాకు ఆట రాకపోవచ్చు, కండ్లున్నాయి" అని, రాళ్లు సంచిలో కట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

ఆ పూట మద్దిలేటికి అన్నం సయించలేదు. కావాలని ఓడితే కుదరదు. నిజంగా ఓడించేవాడు ఇక్కడ లేడు. లేనివాణ్ణి ఎక్కణ్ణుంచి తేవడం? చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుని, లేచి దస్తగిరి దగ్గరికి వెళ్లాడు. నాలుగు రోజులు తనతో కూర్చుంటే తన కిటుకు నేర్పుతానన్నాడు. అలా అనడం ఎంత కష్టమైందో అతనికే తెలుసు. అంతదాకా ఆ కిటుకు ఎవరికీ చెప్పలేదు.

కిటుకు పెద్దదేం కాదు. ఒక మేకను ఎర వేసి, పులిని మూలకు రప్పించి, వెనక చోటు మూసేయడం. ఎర అని పులికి అనుమానం రాకుండా ఎప్పుడు వేయాలన్నదే విద్య. దస్తగిరి మొదట నమ్మలేదు. నమ్మాక వదల్లేదు. నీళ్లు తోడుతూ అడిగేవాడు, విస్తళ్లు కుడుతూ అడిగేవాడు. నాలుగు రోజుల మాట ఇద్దరూ మరిచిపోయారు. దస్తగిరి ఓడుతూనే ఉన్నాడు, కానీ ప్రతిసారీ కొంచెం ఆలస్యంగా ఓడుతున్నాడు. నడుం నొప్పి జాడ లేదు.

ఆరాధన ముందటి రోజు పొద్దున మద్దిలేటికి పులులు, దస్తగిరికి మేకలు. దస్తగిరి ఎర వేశాడు. తను నేర్పిన ఎర తనకు తెలియదా? మద్దిలేటి నవ్వుకుని పులిని పక్కకు తప్పించాడు. అలా తప్పిస్తాడని దస్తగిరి ముందే లెక్కేశాడు. ఎర అక్కడ లేదు, తప్పించుకున్న చోట ఉంది. ఇంకొన్ని ఎత్తులకు మూడు పులులూ కదల్లేక నిలబడిపోయాయి.

మద్దిలేటి గడి వంక చూశాడు. ఇది తను నేర్పిన ఎత్తు కాదు. ఎవరూ నేర్పని ఎత్తు. ఛాతీ ఒక్కసారిగా పొంగింది. తను గెలిచిన ఏ ఆటకూ ఇంత గర్వం కలగలేదు. దస్తగిరి భయం భయంగా చూస్తుంటే వాడి వీపుమీద ఒక్కటి చరిచి, వంగి రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు. అలవాటు లేని పని కదా, సంచి ముడి సరిగా పడలేదు. ఓబులేసు వచ్చి వేసిపెట్టాడు.

ముగ్గురూ కలిసి గోశాల వెనక్కి వెళ్లారు. అక్కడ ఎప్పుడో పగిలిపోయిన రాతి గానుగ ఒకటి పడి ఉంది. దాని తొర్రలోనే సంచి దాచేది. మద్దిలేటి తొర్ర వైపు కాదు, దాని పక్కనున్న బండ వైపు చూస్తూ నిలబడిపోయాడు. బండమీద బొగ్గుతో గీసిన గడి. గీసి చెరిపి, చెరిపి గీసి గీతలు లావెక్కాయి. చుట్టూ గుట్టగా వేరుశనగ పొట్టు.

కట్టెల పనీ, నడుం నొప్పీ ఇక్కడికే వచ్చేవన్నమాట.

"నీ చేతిలో ఓడిన ఆటే ఈడ మళ్లీ ఆడేవాళ్లం, యాడ తప్పినామా అని" అన్నాడు దస్తగిరి, ఎటో చూస్తూ.

ఇన్నాళ్లూ ఇటునుంచి సందడి వినపడితే మద్దిలేటి గోశాలలో దూడ ఏదో చిందులేస్తోందనుకున్నాడు. ఓబులేసు ఒడిలోంచి గుప్పెడు శనక్కాయలు తీసి అతని చేతిలో పోశాడు.

"కూచో. ఈడ ఎత్తు వెనక్కి తీసుకోవచ్చు."

మధ్యాహ్నం అన్నం గంట మోగింది. ముగ్గురిలో ఎవరూ లేవలేదు.

సాయంత్రం మద్దిలేటి సంచి పట్టుకుని తాత ముందు నిలబడ్డాడు. వెనక స్తంభం దగ్గర దస్తగిరీ, ఓబులేసూ ఉన్నారు.

"రేపు గడికాడ దస్తగిరిని కూర్చోబెట్టు తాతా" అన్నాడు మంటపమంతా వినపడేట్టు. "వానికి నేర్పింది నేనే. నన్ను ఓడించినాడు."

తాత తల ఊపాడు. సంచి అందుకుని, బరువు చూస్తున్నట్టు అరచేతిలో ఆడించాడు.

"ఇంతకీ ఇది యాడుండె?"

మద్దిలేటి వెనక్కి తిరిగి చూశాడు. స్తంభం దగ్గర ఇద్దరూ చెప్పొద్దన్నట్టు తలలు అడ్డంగా ఊపారు.

"ఓడినోళ్లకే చెప్తాం తాతా."

తాత లేచి, తుండుతో బండమీది దుమ్ము దులిపి, గడి ముందు బాసిపట్టు వేసుక్కూర్చున్నాడు.

"అయితే పులులు నాకియ్యి" అన్నాడు. "నాకూ తెలుసుకోవాలనుంది."