పనిలో దిగిన పారినాయుడు

ఆ పేటలో తెలివంటే పారినాయుడి ఇంటిదేనని ఒక మాట ఉండేది. ఆ మాట అన్నది పారినాయుడే. తమ్ముడు లచ్చుమునాయుడు ఔనన్నాడు. భార్య తవిటమ్మ తలూపింది. ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంక ఊళ్ళోవాళ్ళని అడగడమెందుకని ఊరుకున్నారు.

అలా ఉండగా అన్నదమ్ములు పనిచేసే గోనెసంచుల మిల్లు మూతపడింది. ఇంట్లో గంజి రోజురోజుకీ పల్చబడుతోంది. "ఇప్పుడు ఉద్యోగాలన్నీ ఫోన్లోనే ఉన్నాయి నాయుడూ" అని మిల్లు మేస్త్రీ చెప్పాడు. అంతే, పారినాయుడు ఇంటికొచ్చి ఫోను వెనక మూత ఊడదీశాడు. లోపల బ్యాటరీ తప్ప ఏమీ లేదు.

"మనకన్నా ముందే ఎవరో పట్టుకుపోయార్రా" అని దిగులుపడ్డాడు.

చివరికి మేస్త్రీయే వచ్చి ఉద్యోగాల వెబ్‌సైటు తెరిచి, పేరు రాయించి, పాస్‌వర్డ్ పెట్టించి, "ఇది ఎవరికీ చెప్పకు" అని వెళ్ళాడు. మర్నాడు తెరిస్తే వెబ్‌సైటు మొట్టమొదట ఆ పాస్‌వర్డే అడిగింది.

"నువ్వు నమ్మకస్తుడివో కాదో చూస్తోంది అన్నయ్యా. చెప్పకు" అన్నాడు తమ్ముడు.

పారినాయుడు పెదవి విప్పలేదు. 'మర్చిపోయారా?' అని అడిగింది వెబ్‌సైటు.

"గుర్తుంది. కానీ చెప్పను" అన్నాడు ఫోనుతో.

నాలుగు రోజులు అది అడగడం, ఇతను బిగుసుకోవడం. ఐదో రోజు తమ్ముడి పేరున కొత్త ఖాతా తెరిచి, అది మళ్ళీ పాస్‌వర్డ్ అడిగేలోగా పని కానిచ్చేద్దామని ముగ్గురూ దాని ముందు బైఠాయించారు.

'మీకున్న అనుభవం రాయండి' అంది. మలేరియా, తేలుకాటు, రెండు తుఫానులు అని రాశారు. 'ఫోటో ఎక్కించండి' అంది. ఇంకేముంది, లచ్చుమునాయుడు గోడకున్న అన్నావదినల పెళ్ళిఫోటో దించి, పరిగెత్తుకెళ్ళి పార్వతీపురం బస్సు ఎక్కించి వచ్చాడు. అదీ కిటికీ పక్క సీట్లో.

'ఫోటో అందలేదు' అంది వెబ్‌సైటు.

"బస్సింకా చేరందే ఎలా అందుతాది? ఏటి దీని తొందర?" అంది తవిటమ్మ.

మూడుసార్లు అడిగి అడిగి దానికే విసుగొచ్చినట్టుంది, కింద 'దాటవేయండి' అని చూపించింది. పారినాయుడు ఫోను నేలమీద పెట్టి, పంచె ఎగ్గట్టి దాటాడు. తమ్ముడు దాటాడు. తవిటమ్మ దాటబోతుంటే కాలి బొటనవేలు తగిలింది. దరఖాస్తు వెళ్ళిపోయింది.

"చూశారా, నేను దాటితే గానీ ఒప్పుకోలేదు" అంది.

వారానికి ఒక పచ్చళ్ళ ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. 'మా దగ్గర రెండు ఖాళీలున్నాయి. వెంటనే నింపాలి. రండి.' ఖాళీలు నింపడానికి ఉత్తచేతులతో ఎవరైనా వెళ్తారా? అన్నదమ్ములు చెరో బస్తా ఊక మోసుకెళ్ళారు. అక్కడ కడిగి ఆరబెట్టిన పెద్ద జాడీలు రెండు కనబడ్డాయి. మేనేజరు వచ్చేసరికి ఒకటి నిండింది, రెండోది సగమైంది.

మేనేజరు తల పట్టుకున్నాడు. కానీ ఏం చేస్తాడు? అవతల లారీడు మామిడికాయలు మెత్తబడిపోతున్నాయి, కోయడానికి మనుషుల్లేరు. "సరే, రేపు పొద్దున్నే వచ్చి పనిలో దిగండి" అని, ఉప్పులో మామిడిముక్కలు ఊరుతున్న సిమెంటు తొట్టివైపు చెయ్యి చూపించాడు.

దారి పొడవునా పారినాయుడికి ఒకటే బెంగ. ఆ పని ఎంత లోతుందో, ఏమో. తనకి ఈత రాదు. ఇంట్లో పల్చటి గంజి తలుచుకుని ధైర్యం చేశాడు. తెల్లారాక, మొదట తాను దిగి, చెయ్యిచ్చి తమ్ముణ్ణి దింపుకున్నాడు. కాసేపటికి తవిటమ్మ ఫోన్ చేసింది.

"పనెలా ఉంది?"

"పీకలదాకా ఉంది" అన్నాడు, ఫోను తడవకుండా పైకెత్తి పట్టుకుని. "కాస్త ఉప్పగా ఉంది. అలవాటైపోతాదిలే."

అంతలో మేనేజరు వచ్చి చూశాడు. ఇద్దర్నీ బయటికి లాగించాడు. తిట్టడానికి కూడా ఓపిక లేదతనికి. గేటు చూపించి, "ఇంక చాలు నాయనా. మీ దారి మీరు చూసుకోండి" అన్నాడు.

గేటు ముందు రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమది తమ్ముడికి, కుడిది తనకి అని పంచుకుని, పారినాయుడు రెప్ప వేయకుండా చూడసాగాడు. మధ్యాహ్నం మేనేజరు భోజనానికి వెళ్తూ ఆగాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేం?"

"చూస్తున్నాం బాబూ. నా దారిన పదకొండు లారీలెళ్ళాయి. వాడి దారిన గేదెలు. దార్లు మాత్రం ఎక్కడికీ పోలేదు."

మేనేజరు భోజనానికి వెళ్ళిపోయాడు. అప్పుడే తవిటమ్మ అన్నం క్యారేజీతో వచ్చింది.

"తొలిరోజే పై పనిలోకి మార్చారు. కూర్చుని చేసేది" అని చెప్పాడు పారినాయుడు.

తవిటమ్మ మురిసిపోయింది. అటు చూసింది, ఇటు చూసింది. ఉన్నట్టుండి ఆవిడ మొహం చిన్నబోయింది.

"మరి మనింటి దారి ఎవరూ చూడట్లేదేటి?"

అంతే, క్యారేజీ పక్కన పెట్టి, తానొచ్చిన వైపు తిరిగి బాసింపట్టు వేసుకుని కూర్చుంది.