నూనె చేతిలో శ్రీ

అనగనగా ఒక ఊరు. ఊరుంది గనక బడి ఉంది, బడి ఉంది గనక బెత్తం ఉంది, బెత్తం ఉంది గనక ఈ కథ ఉంది. ఆ ఊరి పేరు వెదుళ్ళపురం.

ఆ బడిలో ఒక ఆచారం ఉండేది, పిల్లలూ. తెల్లవారి అందరికంటే ముందు వచ్చినవారి అరచేతిలో పంతులుగారు సుద్దతో ‘శ్రీ’ అని రాసేవారు. రెండోవారికి చుక్క పెట్టేవారు. మూడోవారికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవారికి రెండు, ఆ తరవాత వచ్చినకొద్దీ ఒక్కోటి ఎక్కువ. చివర వచ్చినవారి చెయ్యి వాచిపోయేది. పిల్లలు వేళకు రావాలని పెద్దలు పెట్టుకున్న ఏర్పాటు అది. మంచిదా చెడ్డదా అంటే ఆ సంగతి అలా ఉంచండి. ఏర్పాటంటూ ఉన్నాక అది అందరికీ ఒకటే కావాలా, వద్దా? తంటా అంతా అక్కడే వచ్చింది.

ముందు వచ్చినవారికి ఇంకో పని కూడా ఉండేది. తలుపు తీసి, నేల ఊడ్చి, నిన్నటి రాతలు చెరిపి ఇసుక చదును చెయ్యాలి. ఆ బడిలో అక్షరాలు ఇసుకలోనే దిద్దేవారు. తరవాత వచ్చినవారు వచ్చిన వరుసలోనే గోడవారన కూర్చోవాలి. పక్కింట్లో ఉండే మార్కండేయ పంతులుగారు పూజ ముగించుకుని వచ్చేసరికి ఆ వరుస తయారుగా ఉండేది.

వరుసలో మొదట కూర్చునేది ఎప్పుడూ గవరమ్మే. ఆమె గానుగ ఎర్రయ్య కూతురు. పన్నెండేళ్ళ పిల్ల. తెలవారకముందే లేచి నాన్నతో కలిసి ఎద్దును గానుగకు కట్టి, బూడిదతో చేతులు తోముకుని బడికి పరుగెత్తేది. చేతిలో శ్రీ పడగానే గుప్పిట మూసుకునేది. సాయంత్రం ఇంటికి వెళ్ళి, వాళ్ళమ్మ ముందు తెరిచేది. అమ్మకు చదువు రాదు. అయినా ఆ ఒక్క అక్షరాన్ని గుర్తుపట్టి నవ్వేది.

ఆ ఏడు రాజుగారు దండోరా వేయించారు. దసరా నాడు మంత్రిగారు ఊళ్ళోకి వస్తారు. ఆ ఉదయం ఎవరి చేతిలో శ్రీ ఉంటే, వారికి కోటలోని పెద్ద బడిలో చోటు. తిండీ బట్టా అన్నీ రాజుగారివే.

ఎర్రయ్య కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు. “అమ్మా, కోటకి పిలుపొస్తే నిన్ను నేనే దిగబెట్టి వస్తాను. రాలేదా, దసరా మర్నాటి నించి గానుగ దగ్గరికి వచ్చెయ్యాలి. ఎద్దు ముసలిదైపోయింది. దాన్ని తోలడానికి మనిషి కావాలి.”

“ఎందుకు రాదు నాన్నా? ముందు వెళ్ళేది నేనే కదా?” అంది గవరమ్మ. పాపం, ముందు వెళితే చాలనుకుంది.

ఆ ఊళ్ళో భద్రయ్య అని ఒక వర్తకుడు ఉన్నాడు. పంతులుగారి వంటింటికి బియ్యం, నెయ్యి అతని కొట్టునుంచే ఊరికే వెళ్ళేవి. అతని కొడుకు మణికంఠం. ఎండ బాగా ఎక్కాక పల్లకిలో దిగేవాడు. బెత్తం వాడి చేతిని ఆనీ ఆననట్టు ఆనేది. అన్నాళ్ళూ పిల్లలు నవ్వి ఊరుకున్నారు. దండోరా పడిన మర్నాడు మాత్రం వాడు పల్లకి దిగి నేరుగా వెళ్ళి వరుసకు మొదట కూర్చున్నాడు.

గవరమ్మ నోరు తెరిచేలోపే పంతులుగారు వాడి చేతిలో శ్రీ రాసేశారు. ఈమె చేతిలో చుక్క పెట్టబోయారు.

“పంతులుగారండీ, తలుపు తీసింది నేనండీ!”

“నీ చెయ్యి చూసుకున్నావటే? అంతా నూనె. సుద్ద అంటదు. అంటని చేతిలో ఎలా రాయమంటావు?”

గవరమ్మ చెయ్యి చూసుకుంది. బూడిదతో తోమి తోమి ఎర్రబారిన చెయ్యి. నిన్నటిదాకా అంటిన సుద్ద ఇవాళ అంటదట! ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

మర్నాడు చేతులు రెండుసార్లు తోముకుని మరింత ముందుగా వెళ్ళింది. ఆ వెనకే భద్రయ్యగారి నౌకరు వచ్చి, వరుసకు మొదట ఒక చాప పరిచి వెళ్ళిపోయాడు. ఎండెక్కాక మణికంఠం వచ్చి ఆ చాప మీద కూర్చుని ఆవులించాడు. పంతులుగారు వచ్చి వాడి చేతిలో శ్రీ రాశారు.

“వాడు ఇప్పుడే వచ్చాడండీ! వచ్చింది చాపండీ!”

“చాప ఎవరిది? వాడిది. చాప వచ్చిందంటే వాడు వచ్చినట్టే. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావు? గానుగ దగ్గరా?”

పిల్లలు కిసుక్కున నవ్వారు. గవరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.  బడి వదిలాక బయట పిల్లల్ని ఆపింది.

“నవ్వుతున్నారా? నవ్వండి. నాకు రావలసిన శ్రీ వాడికి పోయింది. పైడయ్యా, నీకు రావలసిన చుక్క నాకు వచ్చింది. అందుకే నీ చేతికి దెబ్బ పడింది. నీ వెనకవాడికి ఒకటి పెరిగింది. వాడి వెనకవాడికీ ఒకటి పెరిగింది. మణికంఠం తినాల్సిన దెబ్బలన్నీ మనం తలా ఒకటి పంచుకు తింటున్నాం. బుద్ధుందా మీకు?”

పైడయ్య తన చెయ్యి చూసుకున్నాడు. అందరికంటే వెనక పోలి నిలబడి ఉంది. ఆ పిల్లది కుంటికాలు. ఎంత తొందరగా బయల్దేరినా, మణికంఠం ఒక్కడు తప్ప అందరి వెనకే వచ్చేది. పోలి అరచెయ్యి బూరెలా పొంగి ఉంది. ఎవరూ నవ్వలేదు. అలాగని ఎవరూ ఆమె వెంట నిలబడనూ లేదు. తలలు వంచుకుని ఇళ్ళకు పోయారు. గవరమ్మకు పంతులుగారి మీద ఎంత కోపం వచ్చిందో వీళ్ళ మీదా అంత కోపమూ వచ్చింది. రాదూ మరి?

దసరా వచ్చింది. ఆ తెల్లవారే ముసలి ఎద్దు తూలి నూనె కుండను తన్నేసింది. గవరమ్మ మోచేతుల దాకా నూనెతో కుండలు సర్దింది. తోముకుంటూ కూర్చుంటే ఆలస్యమవుతుంది. ఆ చేతులతోనే పరుగెత్తింది. తలుపు తీసింది, ఊడ్చింది, ఇసుక చదును చేసింది, గోడవారన మొదట కూర్చుంది.

పంతులుగారు వచ్చారు. “లే. వెనక్కి జరుగు,” అన్నారు. అంతే. ఈసారి సాకు వెతుక్కునే శ్రమ కూడా పడలేదు ఆ మహానుభావుడు! మణికంఠం పట్టుబట్టల్లో వచ్చి కూర్చున్నాడు. చేతిలో శ్రీ రాయించుకున్నాడు. అంతలో మంత్రిగారి గుర్రం ఆగింది.

“శ్రీ ఎవరిది?” అన్నారు మంత్రిగారు లోపలికి వస్తూనే.

“ఇదిగో, మణికంఠం. రోజూ వీడే మొదట వస్తాడు, ప్రభూ,” అన్నారు పంతులుగారు.

గవరమ్మ చెయ్యెత్తింది. బడిలో మాట్లాడాలంటే ముందు చెయ్యెత్తాలి, అదీ అక్కడి మర్యాదే. పంతులుగారు చూసీ చూడనట్టు మొహం తిప్పుకున్నారు. ఆమె చెయ్యి దించలేదు. భుజం లాగుతున్నా దించలేదు. మోచేతి మీదుగా నూనె కారుతున్నా దించలేదు.

“ఆ పిల్ల ఎందుకు చెయ్యెత్తి ఉంచింది?” అన్నారు మంత్రిగారు.

“తుంటరి పిల్ల, ప్రభూ. పట్టించుకోకండి.”

“మీ బడిలో చెయ్యెత్తితే అర్థం ఏమిటి, పంతులూ?”

 మంత్రిగారు తల ఊపగానే గవరమ్మ లేచింది.

“మొదట వచ్చింది నేనండీ. నిన్నా నేనే, మొన్నా నేనే. పంతులుగారు అబద్ధం చెబుతున్నారండీ.”

“నిజమేనా?” అని మంత్రిగారు పిల్లల్ని అడిగారు. పిల్లలు మంత్రిగారి వంక చూశారు, బెత్తం వంక చూశారు. నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నారు. గవరమ్మ పళ్ళు కొరికింది. సరే, వీళ్ళతో పని లేదనుకుంది.

“అయ్యా, మొదట వచ్చినవాళ్ళే తలుపు తీస్తారండీ. ఇప్పుడు ఆ తలుపు మూయించండి. రోజూ తీసేవాళ్ళు ఇప్పుడూ తీస్తారు కదండీ?”

మంత్రిగారు అందర్నీ బయటికి నడిపించి తలుపు మూయించారు. మణికంఠం వెళ్ళి తోశాడు. లాగాడు. కాలితో తన్నాడు. తలుపు కదలలేదు.

“పోనీ, చీపురు ఎక్కడ పెడతారో చెప్పు,” అన్నారు మంత్రిగారు.

వాడు ఎటో వేలు చూపించాడు.

“ఇసుక దేనితో చదును చేస్తారు?”

వాడు పంతులుగారి వంక చూశాడు. పంతులుగారు ఆకాశం వంక చూశారు. చివరికి వాడు ఏడుపు గొంతుతో, “నాకేం తెలుసు? నేనెప్పుడైనా ముందు వచ్చానా? నేను లేచేసరికే ఎండొస్తుంది! రాయించుకోమంటే రాయించుకున్నాను,” అన్నాడు. ఆ బడిలో ఆ మాత్రం నిజం చెప్పినవాడు వాడేనని ఒప్పుకోవాలి.

గవరమ్మ ముందుకు వచ్చింది. తలుపు ఎడమ రెక్కను భుజంతో కాస్త పైకెత్తి గడియ లాగింది. తలుపు తెరుచుకుంది. తలుపు వెనకనుంచి చీపురు తీసింది. దూలం మీదనుంచి చెక్క దింపి ఇసుక మీద ఒక్క లాగు లాగింది. ఇసుక నున్నగా పరుచుకుంది.

అప్పుడు వెనకనుంచి ఇంకో చెయ్యి లేచింది. పొంగిన చెయ్యి. “నిజమండీ,” అంది పోలి. “గవరమ్మే ముందు వస్తుందండీ. మాకందరికీ దెబ్బలు పెరిగాయండీ.” పైడయ్య చెయ్యి లేచింది. ఆ వెనక చేతులన్నీ లేచాయి. కాస్త ముందే లేస్తే వాళ్ళ సొమ్మేం పోయింది!

మంత్రిగారు సుద్ద అందుకున్నారు. “చెయ్యి చాపమ్మా, నేనే రాస్తాను.”

గవరమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. “మీరు వద్దండీ. ఎగ్గొట్టింది ఎవరో వాళ్ళే రాయాలి.”

పంతులుగారు సుద్ద అందుకున్నారు. నూనె ఓడుతున్న ఆ చేతిలో సుద్ద ఆనించారు. నూనెకు సుద్ద మెత్తబడి ఒక గీత పడింది. ఇంకో గీత పడింది. తెల్లగా, దళసరిగా, శ్రీ కుదిరింది.

“అంటదన్నారుగా, పంతులుగారూ?” అంది గవరమ్మ.

ఆయన సుద్ద కింద పెట్టి వెనక్కి జరిగారు.

“ఈయనకు ఏం శిక్ష వెయ్యమంటావు?” అన్నారు మంత్రిగారు.

“ఏం వేసినా మేం ఎక్కువ తిన్న దెబ్బలు వెనక్కి రావండీ. ఆ బెత్తం పోలికి ఇప్పించండి. ఇకనించి ఎవర్ని కొట్టాలన్నా పంతులుగారు వెళ్ళి పోలిని అడగాలి.”

మంత్రిగారు అలాగే చేశారు. పంతులుగారు చాలాసార్లు అడిగారట. పోలి ఇవ్వలేదు.

ఆ సాయంత్రం గవరమ్మ గుప్పిట మూసుకోలేదు. అరచెయ్యి తెరిచి, ఊళ్ళో అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకుని ఇంటికి నడిచింది. భద్రయ్య కొట్టు ముందు కాసేపు ఆగింది కూడా. ఆమె కోపం చల్లారిందా అంటే చల్లారలేదు. ఆ కోపంతోనే కోటకు వెళ్ళి చదువుకుంది.

కనుక పిల్లలూ, వాళ్ళను బెత్తానికి అప్పగించే పెద్దలూ, వినండి: అందరికీ ఒకటే అయినప్పుడే అది నియమం, ఒకరిని తప్పించి తక్కినవారి మీద పడితే అది ఒట్టి దెబ్బ.