జంఖానాకు మూడు మడతలు

దస్తగిరి అబద్ధమాడడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఎందుకంటే అతనే చెబుతుంటాడు.

కొండకింది దర్గాను చూసుకునే ఖాసింతాత దగ్గర అతను పన్నెండేళ్లుగా శిష్యుడు. ఆ గురువారం పొద్దున ముఖం ముడుచుకుని వచ్చి తాత ముందు కూర్చున్నాడు.

"తాతా, నిజం చెప్తే తప్పా?"

"ఏం చెప్పినావు?"

ఉరుసులో దస్తగిరి స్నేహితుడు మాబు పాట పాడాడు. ఎవరో ఆ వీడియోను దర్గా వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దాని కింద దస్తగిరి రాశాడు: "మాబు గొంతు పోయింది. ఇంక పాడకుంటేనే దర్గాకు మర్యాద." రెండువందల మంది చదివారు. మాబు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. దర్గాకు రావడమూ మానేశాడు. ఇద్దరిదీ ముప్పై ఏళ్ల స్నేహం.

"గొంతు పోయింది నిజమే గదా! నీకూ వినపడింది గదా!" అన్నాడు దస్తగిరి. "ఉన్న మాటంటే ఉలుకెక్కువ. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్లేదు."

మాటలో గర్వం ఉంది. పది రోజులుగా అన్నం సయించడం లేదని, పక్కన మాబు లేకుండా టీ కూడా దిగడం లేదని మాత్రం చెప్పలేదు.

తాత వాకిలి వైపు చూశాడు. మాబు వస్తున్నాడు. తాత ముందే మనిషిని పంపితే కాదనలేకపోయాడు.

"మంచి టయానికి వచ్చినావు. నా నడుము వంగదు. ఎండకేసిన జంఖానా ఇద్దరూ మడత పెట్టండి," అన్నాడు తాత.

"నేనొక్కన్నే పెడతా తాతా," అన్నాడు దస్తగిరి.

"పెట్టు."

ఉరుసులో జనం కూర్చోడానికి పరిచే ఇరవై మూరల జంఖానా. ఈ కొస ఎత్తితే ఆ కొస మట్టిలో ఈడ్చుకుంది. ఆ కొస సర్దితే ఈ కొస వంకర పోయింది. చివరికి మాబే మాట్లాడకుండా వచ్చి అవతలి కొస పట్టుకున్నాడు.

దూరంగా ఉన్నంతసేపూ బాగానే ఉంది. చెరొక దిక్కు చూస్తూ దుమ్ము దులిపారు. కానీ మడత పెట్టాలంటే ఒకరికెదురుగా ఒకరు నడవక తప్పదు. మొదటి మడతకు కొసలు అందించుకున్నారు, చూపులు కలపలేదు. రెండో మడతకు మాబు ఆయాసం వినపడింది. మూడో మడతకు నాలుగు చేతులూ ఒకచోట చేరాయి. ముఖాల మధ్య మూరెడు దూరం కూడా లేదు.

"గ్రూపులో రాసిన మాట ఇప్పుడు చెప్పు," అన్నాడు తాత అరుగు మీది నుంచి.

ఆ మాట ఇప్పటికీ నిజమే. దస్తగిరి నోరు తెరిచాడు. మాబు కళ్ల కింద నల్లగా ఉంది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. రోజూ కలిసి తిరిగిన మనిషిని ఇలా ఎప్పుడు చూశాడో దస్తగిరికి గుర్తు రాలేదు.

"గొంతుకేమైందిరా మాబూ?"

మాబు ఒక చేత్తో మెడ తడుముకున్నాడు.

"ఆరు నెల్లాయ. డాక్టరు కర్నూలుకు పొమ్మన్నాడు. ఒక్కన్నే పోయేకి భయమైతాంది. నువ్వు అడుగుతావని చూస్తాన్నా."

దస్తగిరికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఒక చేత్తో జంఖానా పట్టుకునే, రెండో చేత్తో జేబులోంచి ఫోను తీశాడు.

"తప్పయింది తాతా. ఇప్పుడే గ్రూపులో అందరి ముందరా క్షమాపణ రాస్తా."

"మాబు ఈడుండంగ, ఆడ ఎవురికి రాస్తావు నాయనా?" అన్నాడు తాత.